ఆగినందుకూ కూలి: కోనసీమ కరెంటు ప్రణాళిక

మేం కోనసీమ వాళ్లం. అంబాజీపేట చుట్టూ కొబ్బరి డొక్క నుంచి పీచు తీసేవాళ్లం, కొబ్బరి నూనె ఆడేవాళ్లం. కొత్తపేట, రావులపాలెం వైపు ధాన్యం మర ఆడించేవాళ్లం. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, అల్లవరం వైపు రొయ్యలకు ఐసు అందించేవాళ్లం. ఆ యంత్రాల ముందు నిలబడి కూలి తెచ్చుకునేవాళ్లం, బస్తాలు మోసేవాళ్లం. ఒకే ఒక్క కోరికతో ఈ ఉద్యమం మొదలుపెడుతున్నాం.

రాష్ట్రానికి కరెంటు చాలని గంటల్లో మా మోటార్లు ఆపమని మమ్మల్ని అడగాలి. ఉత్తర్వు పంపి మూయించకూడదు. ఆపినందుకు డబ్బు చెల్లించాలి. ఆ డబ్బులో కార్మికుడి కూలిని విడిగా, అన్నిటికంటే ముందుగా లెక్కగట్టాలి.

ఇది కొత్తగా పుట్టిన ఊహ కాదు. చాలా దేశాల్లో కరెంటు సంస్థలు రోజూ చేస్తున్న పని. మన దగ్గర మాత్రం ఫ్యాక్టరీ ఆగడం అంటే ఇప్పటికీ శిక్షే.

2022 ఏప్రిల్

కోనసీమ జిల్లా 2022 ఏప్రిల్ 4న పుట్టింది. అదే నెల 8వ తేదీ నుంచి పరిశ్రమలకు పవర్ హాలిడే అమల్లోకి వచ్చింది. ఆ ఏడాది ఎండలు ముందే ముదిరాయి. కొవిడ్ తర్వాత ఫ్యాక్టరీలు మళ్లీ పుంజుకున్నాయి. బొగ్గు చాలలేదు. రాష్ట్రం రోజుకు 20 కోట్ల యూనిట్లకు పైగా వాడుతోంది. విద్యుత్ ఎక్స్ఛేంజిలో యూనిట్ ధర 20 రూపాయలకు ఎగబాకితే, 12 రూపాయలు దాటకూడదని కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి ఆ నెల మొదట్లోనే పరిమితి పెట్టింది. ఆ ధరకు కూడా కావలసినంత సరుకు దొరకలేదు. అప్పుడు కరెంటు పంపిణీ సంస్థలైన డిస్కంలు పరిశ్రమల వైపు తిరిగాయి. ఆగకుండా నడిచే పరిశ్రమలు సగం లోడే వాడాలన్నారు. మిగతావి వారపు సెలవుతో పాటు ఇంకో రోజు మూయాలన్నారు. అత్యవసరమైన కొన్నింటిని మినహాయించారు. రెండు వారాలకని మొదలైనది ఆ తర్వాత పొడిగింపులకు పోయింది.

అంతకు పదేళ్ల ముందు, 2012లో, ఉమ్మడి రాష్ట్రంలో ఇంకా ఘోరం. వారానికి రెండు మూడు రోజుల పవర్ హాలిడే నెలల తరబడి సాగింది.

కొరత ఉన్నప్పుడు ఎవరో ఒకరు వాడకం తగ్గించుకోక తప్పదు. దాన్ని మేం కాదనడం లేదు. గ్రిడ్‌లో పుట్టే కరెంటు, వాడే కరెంటు ప్రతి క్షణం సమానంగా ఉండాలి. 50 హెర్ట్జ్ దగ్గర నిలవాల్సిన ఫ్రీక్వెన్సీ జారిపోతే ఏమవుతుందో 2012 జులై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతంలో 60 కోట్ల మందికి పైగా చీకట్లో ఉండి చూశారు. దక్షిణాది గ్రిడ్ అప్పటికి వాటితో కలవలేదు కాబట్టి మనం బయటపడ్డాం. 2013 డిసెంబరు 31న అదీ కలిసింది. ఇప్పుడు దేశమంతా ఒకే గ్రిడ్. దాన్ని నిలబెట్టే పనిలో మా వంతు మేం చేస్తాం.

మా అభ్యంతరం తీరు మీద. కొరత గంటలకు సంబంధించింది. పగలు సోలార్ దండిగా ఉంటుంది, పొద్దు వాలాక అది పడిపోతుంది, సాయంత్రం 6 నుంచి 10 దాకా ఇళ్లలో లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు అన్నీ ఒక్కసారే నడుస్తాయి. ఇబ్బంది ఎక్కువగా అక్కడే వస్తుంది. పవర్ హాలిడే మాత్రం రోజుకు రోజే మింగేస్తుంది. సాయంత్రం రెండు గంటలు ఆగితే సరిపోయే పీచు ఫ్యాక్టరీ పొద్దుట నుంచీ మూతపడుతుంది. రాష్ట్రంలో ఇన్ని రకాల మరలు ఉంటే 2022 ఉత్తర్వులో ఉన్నవి రెండే కొలతలు. పైగా హెచ్‌టి (హైటెన్షన్) వినియోగదారుడికి డిమాండ్ చార్జి కేవీఏకు నెలకు 475 రూపాయలు. నెలలో నమోదైన గరిష్ఠ డిమాండు గానీ, ఒప్పందంలో 80 శాతం గానీ, ఏది ఎక్కువైతే దాని మీద కడతారు. అంటే మధ్యలో ఒక రోజు మూసినంత మాత్రాన ఆ లెక్క తగ్గదు.

ఆగడం అంటే ఏమిటో కోనసీమకు వేరే చెప్పనక్కర్లేదు. 2011 ఖరీఫ్‌లో ఇక్కడి రైతులు గిట్టుబాటు లేని వరి వేయబోమని వేల ఎకరాలు బీడు పెట్టి క్రాప్ హాలిడే ప్రకటించారు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేయాల్సి వచ్చింది. పండించేవాడు చేయి ముడుచుకుంటే దేశం లెక్క మారుతుందని అప్పుడు రుజువైంది. ఆ సెలవు రైతు తనకు తాను ప్రకటించుకున్నది. పవర్ హాలిడే మన నెత్తిన పెట్టింది. మేం కోరుతున్నది మూడోది: ఇద్దరూ కూర్చుని ముందే ఒప్పుకున్న విరామం, వెలతో సహా.

ఈ నేల ఇచ్చిందేమిటో కూడా గుర్తు చేస్తున్నాం. దేశానికి ఇంధనం కావాలని ఇక్కడ భూమిని తొలిచారు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. రావులపాలెం పక్కన దేవరపల్లిలో 445 మెగావాట్ల గ్యాస్ విద్యుత్ కేంద్రం కట్టారు. కృష్ణా గోదావరి బేసిన్ డి6 గ్యాస్ పడిపోయాక అది ఏళ్ల తరబడి ఉత్తినే ఉండిపోయింది. గ్యాస్ మా కాళ్ల కింద, విద్యుత్ కేంద్రం మా ఊరి పక్కన, పవర్ హాలిడే మా గుమ్మంలో. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని చూసే మేం ఈ ప్రణాళిక రాస్తున్నాం.

నడవడానికి సిద్ధంగా ఉన్నందుకు చెల్లిస్తారు

డిస్కంలకూ థర్మల్ కేంద్రాలకూ మధ్య ఉన్న కొనుగోలు ఒప్పందాలు సామాన్యంగా రెండు ముక్కలు. ఒకటి కరెంటు ఇచ్చినందుకు. రెండోది ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నందుకు, అంటే స్థిర చార్జీ. మామూలుగా 85 శాతం అందుబాటు చూపిస్తే ఆ కేంద్రానికి స్థిర చార్జీ పూర్తిగా ముడుతుంది. ఆ రోజు దాని దగ్గర కరెంటు కొన్నా కొనకపోయినా ముడుతుంది. ఆ మొత్తం మన బిల్లుల్లోంచే పోతుంది.

అందులో తప్పేం లేదు, సిద్ధంగా ఉండటం కూడా ఒక సేవే. అయితే అదే న్యాయం మాకెందుకు వర్తించదు? సాయంత్రం 7 గంటలకు గ్రిడ్‌కు ఒక మెగావాట్ తక్కువైంది. ఎక్కడో కేంద్రం ఒక మెగావాట్ ఎక్కువ పుట్టించినా, ఇక్కడ పది మరలు కలిసి ఒక మెగావాట్ తక్కువ వాడినా గ్రిడ్‌కు జరిగే మేలు ఒక్కటే. నిజానికి మాదే కాస్త ఎక్కువ. దూరం నుంచి వచ్చే కరెంటులో కొంత తీగల్లోనే పోతుంది. అంతర్వేది దగ్గర ఆదా అయిన యూనిట్‌కు ఆ నష్టం లేదు.

మర మరకీ తేడా

ఈ పథకం నిలిచేదీ పడిపోయేదీ ఇక్కడే. ఏది ఆపొచ్చు, ఎంతసేపు, ఎంత ముందు చెబితే? అది యంత్రం దగ్గరున్న మనిషికి తెలుస్తుంది. అందుకే ఉత్తర్వుతో కుదరదు, అడిగి తెలుసుకోవాల్సిందే.

పీచు ఫ్యాక్టరీ సులువైనది. డొక్క నానుతూ ఉంటుంది, పీచు ఎండలో ఆరుతూ ఉంటుంది, మధ్యలో డొక్కను చీల్చి పీచు వేరు చేసే యంత్రమే కరెంటు తాగేది. సాయంత్రం పూట రెండు గంటలు ఆపి పొద్దుటే గంట ముందు మొదలుపెడితే సరుకు చెడేది ఏమీ ఉండదు. కొబ్బరి నూనె గానుగ అలా కాదు. ఎక్స్‌పెల్లర్‌లో ఎండుకొబ్బరి సగంలో ఉండగా ఆపితే చెక్క బిగుసుకుపోతుంది. లోపలిది ఖాళీ అయ్యేదాకా నడిపి ఆపాలి. అరగంట ముందు చెబితే చాలు, చెప్పకుండా ఫీడర్ తీసేస్తే మాత్రం నష్టం యజమానిదే.

రైస్ మిల్లులో రెండు మిల్లులున్నాయి. బియ్యం ఆడే విభాగం ఎప్పుడైనా ఆపొచ్చు. ఉప్పుడు బియ్యానికి ధాన్యం నానబెట్టి ఉడికించాక డ్రయ్యర్‌లో ఉన్న సరుకు మాత్రం ఆగదు. తడి ధాన్యం కుప్పలోనే వేడెక్కి రంగు మారుతుంది, వాసన వస్తుంది. కాబట్టి మిల్లు మొత్తానికి ఒకే స్విచ్ అనుకునే పథకం మాకు వద్దు. ఏ మోటారు, ఎంత హెచ్‌పీ, ఎంతసేపు అన్నది మిల్లు వాడే రాసివ్వాలి, దాన్నే ఒప్పందంగా తీసుకోవాలి.

ఐస్ ఫ్యాక్టరీ ఈ పథకానికి కుదిరినట్టు మరేదీ కుదరదు. దిమ్మ గడ్డకట్టేది చల్లటి ఉప్పునీటి ట్యాంకులో. ఆ ట్యాంకు చలి ఒక్కసారిగా పోదు. మధ్యాహ్నం సోలార్ కరెంటు దండిగా ఉన్నప్పుడు కంప్రెసర్లు గట్టిగా నడిపి, సాయంత్రం గంటా రెండు గంటలు ఆపితే దిమ్మ కొంచెం ఆలస్యమవుతుందేమో గానీ కరగదు. రొయ్యల కోల్డ్ స్టోరేజీ కూడా అంతే. మైనస్ 18 డిగ్రీల గది తలుపులు మూసి ఉంచితే కొద్దిసేపు తట్టుకుంటుంది. అదే ప్లాంటులో అప్పుడే తెచ్చిన రొయ్యను గడ్డకట్టించే ఫ్రీజర్‌ను ఆపకూడదు. పక్కపక్కన ఉన్న రెండు గదుల్లో ఒకటి ఆపొచ్చు, ఒకటి ఆపకూడదు.

చెరువులోని ఏరేటర్ల జోలికి ఎవరూ రాకూడదు. ఇది మా ప్రణాళికలో బేరం లేని మాట. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది. ఆ వేళ అరగంట ఏరేటర్ ఆగితే పంట మొత్తం తేలిపోవచ్చు, దాంతో పాటు ఒక కుటుంబం అప్పుల్లో మునగవచ్చు. డబ్బు ఆశ చూపి రైతును ఆ జూదంలోకి దించడం పాపం. ఆసుపత్రులు, తాగునీటి పథకాలు కూడా ఈ లెక్కలోకి రావు. నిజానికి మర ముందే ఆగితే ఎమర్జెన్సీ లోడ్ రిలీఫ్ పేరుతో ఊరి ఫీడర్లు తీసేసే అవసరం తగ్గుతుంది. మర ఆగేది చెరువు ఆగకుండా ఉండేందుకు.

గోదావరిలో నీరు తగ్గిన రబీల్లో ధవళేశ్వరం నుంచి డెల్టా కాలువలకు వంతులవారీగా నీళ్లొదులుతారు. ఏ కాలువకు ఏ రోజులో ముందే తెలుస్తుంది. రైతు తన కూలీలను, ఎరువును, తడులను దానికి సరిపెట్టుకుంటాడు. కరెంటుకూ అలాంటి వంతు కావాలి. ఎప్పుడు అడుగుతారో ముందురోజే చెప్పాలి. వంతులు పెట్టినా శివారు భూమికి నీరందని ఏళ్లు ఉంటాయని ఉప్పలగుప్తం, కాట్రేనికోన రైతులకు తెలుసు. అందుకే చిన్న మరకు ఎంత ముడుతుందో, ఎప్పుడు ముడుతుందో మొదటి రోజే కాగితం మీద ఉండాలి.

లెక్క

దాచుకోకుండా లెక్క వేద్దాం. 100 కిలోవాట్లు వాడే మర రెండు గంటలు ఆగితే 200 యూనిట్లు మిగులుతాయి. ఆ సాయంత్రం ఎక్స్ఛేంజిలో యూనిట్ 10 రూపాయలు అనుకుందాం. 2023 ఏప్రిల్ నుంచి అక్కడి మామూలు మార్కెట్లకు పరిమితి అదే. డిస్కం ఆ 200 యూనిట్లు కొనడానికి 2,000 రూపాయలు పెట్టి, మా దగ్గర యూనిట్‌కు ఆరున్నర చొప్పున అనుకుంటే 1,300 వసూలు చేస్తుంది. అంటే మమ్మల్ని నడిపించడానికి దానికి 700 నష్టం. మమ్మల్ని ఆపి ఆ 700లో ఎంత ఇచ్చినా డిస్కంకు అదనపు భారం లేదు, పక్కింటి వాడి బిల్లు పెరగదు. యూనిట్‌కు మూడున్నర.

మొత్తం 10 రూపాయలూ మాకే ఇవ్వాలని మేం అడగం. ఆపిన యూనిట్‌కు మేం బిల్లు కూడా కట్టం కదా, అది ఇప్పటికే మా చేతిలో మిగిలింది. ఈ తేడా చూడకుండా అడిగితే ఆ బరువు ఇంటి బిల్లు కట్టే పేదవాడి మీద పడుతుంది. ఖరీదైన కొనుగోళ్ల భారం ఇంధన సర్దుబాటు పేరుతో ఎలా తిరిగొస్తుందో ఇంటింటికీ తెలుసు. 2023 ఏప్రిల్ నుంచి నెలనెలా యూనిట్‌కు 40 పైసల దాకా వేసుకునే వీలు డిస్కంలకు వచ్చింది. ఆ భారం తగ్గించే పథకమే మాది, పెంచేది కాకూడదు.

అయితే రెండు గంటలకు 700 రూపాయలు పది మంది పనివాళ్లున్న మరకు చాలవు. అందుకే రెండో ముక్క అడుగుతున్నాం: సిద్ధంగా ఉన్నందుకు కిలోవాట్‌కు ఇంత అని నెలనెలా స్థిరమైన చెల్లింపు. థర్మల్ కేంద్రానికి ఉన్నదే ఇది. వేసవిలో కొద్ది గంటల పీక్ కోసం కొత్త కేంద్రంతో పాతికేళ్ల ఒప్పందం చేసుకోవడం కంటే ఇది చవక. ఎంత అన్నది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఏపీఈఆర్‌సీ బహిరంగ విచారణలో అందరి ముందూ తేల్చాలి.

కొలత విషయంలో మోసం జరగకూడదు. అడగక ముందు పది పనిదినాల్లో అదే గంటల్లో సగటున ఎంత వాడామో అదే ఆధారం. హెచ్‌టి మీటర్లు 15 నిమిషాలకోసారి రాసుకుంటాయి. స్మార్ట్ మీటర్లూ ఆ పని చేయగలవు. డబ్బు వస్తుందని ముందు రోజుల్లో మోటార్లు ఊరికే తిప్పి సగటు పెంచేవాడు మా వాడు కాడు. గ్రిడ్ కరెంటు ఆపి డీజిల్ జనరేటర్ వేసుకునేవాడికీ పైసా ఇవ్వకూడదు. కొబ్బరి తోటల మధ్య పొగ వదిలి దాన్ని పొదుపు అనడం మాకు సమ్మతం కాదు.

టెక్సాస్‌లో 2023 ఆగస్టులో జరిగింది అందరూ తెలుసుకోవాలి. ఎండలు మండిపోతున్న ఆ నెలలో ఒక బిట్‌కాయిన్ కంపెనీ తన యంత్రాలు ఆపినందుకు, ముందే కొన్న కరెంటు తిరిగి అమ్మినందుకు 3 కోట్ల 17 లక్షల డాలర్ల మేర లబ్ధి పొందింది. అది తవ్విన బిట్‌కాయిన్ల విలువ కంటే ఎక్కువ. ఆగడమే వ్యాపారం అయిపోతే పథకం పాడవుతుంది. అందుకే మా ప్రతిపాదనలో ఏడాదికి ఇన్ని గంటలే అన్న పరిమితి ఉంది. చిన్న మరలకు మొదటి వాటా ఉంది.

తలుపు తెరిచే ఉంది

2016 జనవరి 25న అమెరికా సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ఇద్దరు మరోవైపుగా తీర్పు ఇచ్చింది. తగ్గించిన వాడకానికి, పుట్టించిన కరెంటుకు ఇచ్చే మార్కెట్ ధరే చెల్లించాలన్న అక్కడి కేంద్ర నియంత్రణ సంస్థ ఆదేశం నిలిచింది. దక్షిణ కొరియా 2014 నవంబరులో ఇలాంటి మార్కెట్ తెరిచింది. మన దేశంలో ముంబైలో టాటా పవర్ 2023లో 6,000 పెద్ద వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులను, 55,000 ఇళ్లను కలుపుకుని ముందు 75 మెగావాట్లు, 2025 వేసవికి 200 మెగావాట్లు తగ్గించగల శక్తి కూడగట్టాలని లక్ష్యం పెట్టుకుంది. మహారాష్ట్ర నియంత్రణ మండలి 2024లో దీనికోసం నిబంధనలే రాసింది. గ్రిడ్‌ను నిలబెట్టే అనుబంధ సేవలు విద్యుత్ కేంద్రాలే కాదు, వాడకం తగ్గించగలవాళ్లూ అందించవచ్చని కేంద్ర మండలి 2022 నిబంధనల్లోనే ఉంది.

పీక్ గంటల్లో ఎక్కువ రేటు మన హెచ్‌టి బిల్లుల్లో ఇప్పటికే ఉంది. దాన్ని చూపించి ఇంకేం కావాలనకండి. అది బెత్తం. మేం అడుగుతున్నది ఒప్పందం.

చిన్నవాళ్లకు ఉన్న చిక్కు వేరు. విజయవాడలో గ్రిడ్ నడిపే లోడ్ డిస్పాచ్ కేంద్రానికి 100 కిలోవాట్ల మర కంటికి కనపడదు. అలాంటివి యాభై కలిస్తే 5 మెగావాట్లు, అప్పుడు కనపడుతుంది. ఆ కలిపే పని బయటి కంపెనీల చేతికి పోతే, కొబ్బరికాయ ధర నిర్ణయించే చేతులు రైతువి కానట్టే, దీని ధర నిర్ణయించే చేతులు కూడా మావి కావు. మండలానికో సహకార సంఘంగా మేమే కలుస్తాం. సభ్యుల పుస్తకం, లెక్కల పుస్తకం ఎవరడిగినా చూపిస్తాం.

కూలి మాట

పవర్ హాలిడే రోజు యజమానికి నష్టం వస్తుంది. కూలివాడికి ఆ పూట గడవదు. పీచు పనిలో ఎక్కువమంది ఆడవాళ్లు, మిల్లుల్లో హమాలీలు బస్తాకింత అని తీసుకునేవాళ్లు. యంత్రం ఆగితే వాళ్ల ఆదాయం ఆగుతుంది. చెల్లింపు యజమాని ఖాతాలో పడి, పనివాళ్లను రెండు గంటలు ముందే ఇంటికి పంపేస్తే ఈ ఉద్యమానికి అర్థం లేదు.

కాబట్టి ఏ మర ఒప్పందంలో చేరినా, ఆగిన గంటలకు పనివాళ్ల కూలి మామూలుగానే ఇస్తామని రాసి సంతకం పెట్టాలి. బస్తా లెక్కన, డొక్క లెక్కన తీసుకునేవాళ్లకు వాళ్ల సగటు కట్టివ్వాలి. ఆగిన పనిని రాత్రి పొద్దుపోయాక చేయించి ఆడవాళ్లను చీకట్లో ఇంటికి పంపకూడదు. ప్రతి ఒప్పందం మీద పనివాళ్ల ప్రతినిధి సంతకం కూడా ఉండాలి. ఈ షరతు నచ్చని యజమాని ఈ సంఘంలో చేరనవసరం లేదు. సభ్యులు తగ్గినా ఈ షరతు మారదు.

మొదటి పని

డిస్కంలు వచ్చే ఏడాది ఆదాయ అవసరాల నివేదికను ఏటా నవంబరు చివరికల్లా ఏపీఈఆర్‌సీ ముందు పెట్టాలి. మండలి అభ్యంతరాలు, సూచనలు పిలుస్తుంది, బహిరంగ విచారణ జరుపుతుంది, కొత్త టారిఫ్ ఏప్రిల్ 1 నుంచి వస్తుంది. ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వొచ్చు, వెళ్లి మాట్లాడొచ్చు. ఇన్నేళ్లూ ఆ అవకాశం పెద్ద పరిశ్రమల సంఘాలకు ఉపయోగపడినంతగా మనకు ఉపయోగపడలేదు. ఈసారి కోనసీమ తన లెక్కతో వెళ్తుంది. మా డిస్కం ఈపీడీసీఎల్ ముందుగా ఈ జిల్లాలో ఒక్క వేసవికి ప్రయోగం చేయాలని, దాని ఫలితాలు బయటపెట్టాలని అడుగుతుంది.

అందుకు మీ నుంచి కావలసింది కొంచెమే. గత పన్నెండు నెలల కరెంటు బిల్లులు తీసుకురండి. మీ మరలో ఉన్న ప్రతి మోటారు హెచ్‌పీ, అది ఏ గంటల్లో నడుస్తుందో, ఎంతసేపు ఆపగలరో, ఎంత ముందు చెప్పాలో ఒక కాగితం మీద రాయండి. ఆపలేనిది ఆపలేనని రాయండి, దాచకండి. మీ దగ్గర పనిచేసేవాళ్ల పేర్లు, వాళ్ల రోజు కూలి కింద రాయండి. అమలాపురం, రాజోలు, కొత్తపేట మూడు చోట్లా ఈ కాగితాలు పోగుచేస్తాం. మర యజమానులారా, కార్మిక సోదరులారా, అక్కాచెల్లెళ్లారా, నవంబరు కంటే ముందే రండి. యజమాని, పనివాడు కలిసి ఒకే కాగితం మీద సంతకం పెట్టి తెండి.